పరదేశపు పంక్తి

దూరయాత్ర చేసివచ్చినవానిని మన పూర్వులు మొదట నడిగెడి ప్రశ్న 'భోజనపు నియమ మెట్లు జరిగినది?' అని. నేఁటివారు మొదట నడుగు ప్రశ్న 'అక్కడ ఏమేమి తింటిరి?' అని. మొదటి ప్రశ్నలో భయమున్నది. రెండవదానిలో ముచ్చట యున్నది. భయము పోయి ముచ్చట మిగిలినది గనుక మనమొక గొప్ప మెట్టు నెక్కితిమని సంస్కారాభిమానులు పలువురు సంతసించుచున్నారు. ఆ సంతోష మెంతవఱకు న్యాయమైనదో విచారించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

ఈ విషయ మిపుడు మా కలమునకు వచ్చుటకుఁ గారణము లేకపోలేదు. గుండ్లకమ్మ యొడ్డుననున్న అద్దంకి మొదలుకొని చీరాల, నరసారావుపేటల వఱకు వ్యాపించిన యీ ప్రత్తి మిరప భూములలో, ఇంగ్లాండునకో అమెరికాకో బిడ్డను పంపని వీథి నేఁడు అరుదు. బిడ్డలచ్చట స్థిరపడుట, తల్లిదండ్రులు వారిని చూడఁబోవుట, కొన్నాళ్లుండి వచ్చుట, వచ్చి చూచినవి తినినవి చుట్టపక్కములకుఁ జెప్పుట — ఇదియంతయు కాశీయాత్రవలె ఒక గృహస్థధర్మమైనది. ఒకప్పటి కాశీకావడిలో గంగ వచ్చెడిది. ఇప్పటి పెట్టెలోఁ జాక్లెట్లు వచ్చుచున్నవి.

సముద్రయానము పాపమనిన దినములు మఱీ ప్రాచీనములు కావు. 1888లో గాంధి న్యాయశాస్త్రము చదువుటకై లండనునకు బయలుదేఱఁగా, బొంబాయిలోని కులపెద్దలు సభచేసి యాతనిని వెలివేసిరి. ఓడరేవునకుఁ బోయి సాగనంపినవారికి రూపాయి నాలుగణాల జుల్మానా యనిరి. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకుఁ బోయిన జయపురపు మహారాజు, ఒక్కొక్కటి నాలుగువేల లీటర్లు పట్టు వెండిబానలలో గంగాజలము నింపించి ఓడ కెక్కించుకొని పోయెను. లండనులో నీరు లేక కాదు. ఆ నీటిని ఎవ్వరు తాఁకిరో తెలియక. ఆ బానల మాట తలఁచినపుడెల్ల భయమునకుఁ గూడ ఇంత బరువుండునా యని మాకుఁ దోఁచును.

అట్టి కాలముననే మనవారిలో ధైర్యము చేసినవారు కలరు. పోతము జానకమ్మ రాఘవయ్యగారు ఇంగ్లాండు చూచివచ్చి, చూచినదానిని తెలుఁగున వ్రాసికొని, 1876లో చెన్నపట్టణమున ఇంగ్లీషు గ్రంథముగాఁ బ్రకటించిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో ఎం.ఏ. చదివి తిరిగివచ్చి, 1921లో అద్దంకికిఁ బొరుగుననున్న చీరాల పేరాలల ప్రజలను ఊరు విడిపించి రామనగరునఁ గాపురముంచిరి. సీమలో ఏండ్లతరబడి యుండివచ్చినందున ఆయన తెలుఁగుఁదనము ఇసుమంతయుఁ దఱుగలేదు. కాఁబట్టి భయము పోవుట మంచిదే. దానిలో మాకు సందేహము లేదు. పోయిన భయము చోటునకు వచ్చిన దేమి యన్నదే ప్రశ్న. దీనిని ఒక దినపు వృత్తాంతముతో విచారింతము.

అద్దంకివాస్తవ్యులైన దంపతులొకరు మాకుఁ జిరపరిచితులు. ఆయన ఉన్నతపాఠశాలలోఁ దెలుఁగు చెప్పి విశ్రాంతి పొందినవారు. ఆమె పుస్తకము లేనిదే మధ్యాహ్నము గడపనివారు. కుమారుఁడు లండనున నుద్యోగి. వారొక వేసవిని కుమారునియొద్ద రెండునెలలుండి వచ్చిరి. ఆ రెండునెలలలో ఒక శనివారమును కుమారుఁడు వారికొఱకుఁ బ్రత్యేకించెను. "నాన్నగారూ, ఈ దినమంతయు మనది. ఇచ్చటివారు తాతలనాఁటినుండి తినునది తినవలెను, నగరము చూడవలెను" అనెను.

ఉదయమున ఒక చిన్న ఫలాహారశాల. వేయించిన గ్రుడ్లు, సాసేజీలు, ఉప్పువేసి ఊరించిన పందిమాంసపుఁ బలుచని ముక్కలు, టమాటారసములో నుడికించిన చిక్కుడుగింజలు, పుట్టగొడుగులు, కాల్చిన రొట్టె, పాలుపోసిన టీ. శనివారము గనుక ఆమె మాంసము ముట్టరు. అది శింగరకొండ ఆంజనేయస్వామికి మ్రొక్కిన మ్రొక్కు. రొట్టెయు గింజలును ఆమె వంతు, తక్కినవి తండ్రీకొడుకుల వంతు అయినవి. ఆయన పందిమాంసమును జీవితమున మొదటిసారి రుచిచూచి 'ఉప్పెక్కువ' అని మాత్రమనిరఁట. ఏఁడాది పొడుగునా ఊరగాయ తినువారు ఉప్పెక్కువ యనుట మాకు నవ్వు తెప్పించినది.

అచ్చటనుండి నగరదర్శనము. 1666 నాఁటి అగ్నిప్రమాదము తరువాత క్రిస్టఫర్ రెన్ను కట్టి 1710 నాఁటికిఁ బూర్తిచేసిన సెయింట్ పాల్ దేవాలయము, రాజులను రాణులను బంధించిన టవరు కోట, ఓడ వచ్చినపుడు రెండుగాఁ జీలి పైకిలేచు 1894 నాఁటి టవరు వంతెన — ఇవి చూచువారందఱు చూచునవే. వానిని వర్ణించి చదువరుల కాలము హరింపము.

మధ్యాహ్నమున చేఁపయు చిప్సును. ఇంగ్లాండు సామాన్యప్రజల తిండి యిదియే. పిండిలో ముంచిన చేఁపను నూనెలో వేయించు విద్యను అచ్చటికిఁ దెచ్చినవారు స్పెయిను పోర్చుగలులనుండి తఱుమఁబడి వచ్చిన యూదులు. బంగాళాదుంప దక్షిణామెరికాలోని కొండలది. రెండిటిని కూర్చి యొక్క దుకాణమున నమ్ముట సుమారు 1860 ప్రాంతమున లండను తూర్పుభాగమున జోసెఫ్ మాలిను మొదలుపెట్టెనని కొందఱు, 1863లో లాంకషైరున జాన్ లీసు మొదలుపెట్టెనని కొందఱు వాదింతురు. లాంకషైరు మిల్లుకూలీల కిది ప్రాణాధారమైనది. అమెరికా అంతర్యుద్ధముచే ఆ దేశపుఁ బ్రత్తి రాక ఆ మిల్లులు మూఁతపడిన 1861–65 సంవత్సరములలోనే హిందూదేశపుఁ బ్రత్తి వెల ఆకసమంటినది. మన కృష్ణా గుంటూరు మండలములలోఁ బండి కాకినాడ రేవు పేర 'కోకనాడ' యని పిలువఁబడిన ప్రత్తి యా వ్యాపారములోనిదే. రెండవ ప్రపంచయుద్ధకాలమున 1940 మొదలు వెన్న, చక్కెర, మాంసము కొలిచి పంచిన ప్రభుత్వముకూడ చేఁపచిప్సుల జోలికిఁ బోలేదు. యూదుని చేఁప, అమెరికా దుంప, ఏ దేశపు ప్రత్తియో వడకిన కూలివాని యాఁకలి — మూఁడును గలసి యింగ్లీషువాని సంప్రదాయమైనది.

ఆయన అప్పుడు జేబులోనుండి చిన్న పొట్లము తీసి చేఁపమీఁదఁ గారము చల్లుకొని, 'మన సంప్రదాయముకూడఁ గొంచె ముండవలెను గదా' యనిరఁట. ఇచటనే మాకొక విషయము జ్ఞప్తికి వచ్చినది. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా నేలిన పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ యాతని యాస్థానకవి. ఆ మహాకవి మిరపకాయ నెఱుఁగఁడు. మిరప అమెరికాఖండమున పుట్టి, 1498లో వాస్కో డ గామా మనదేశమునకుఁ దోవ కనుఁగొనిన పిమ్మట, పోర్చుగీసువారి యోడలలో వచ్చినది. అంతకు మున్ను మన నాలుక నెఱిగిన ఘాటు మిరియము పిప్పలి శొంఠులదే. ఏ కారముచే గుంటూరుసీమ లోకప్రసిద్ధమైనదో అది మనకు వచ్చి అయిదువందల యేండ్లుగూడ సరిగా నిండలేదు. ఇంగ్లీషువాఁడు కిచిడిని 'కెడ్జరీ' యని తన యుదయభోజనములోఁ జేర్చుకొన్నాఁడు; 1837 నుండి సీసాలలో నమ్ముచున్న వూస్టరు సాసులో చింతపండు వేసినాఁడు. వంట కెప్పుడును కులము లేదు. అది నడిచివచ్చిన దారిని చూచినచో లోకములోని యోడరేవులన్నియు కనఁబడును. 'వారి తిండి', 'మన తిండి' యనుమాటలు వాడుకలో పనికివచ్చునుగాని, వానిమీఁద ధర్మమును కట్టరాదు.

ఆ దుకాణమున జరిగిన చిన్నసంగతియే యీ వ్యాసమునకు మూలము. చేఁప మాటలేదు గాని చిప్సయినఁ దినవచ్చునా యని ఆమెకు సందేహము కలిగినది. ఇంగ్లాండులో, ముఖ్యముగా ఉత్తరభాగమున, గొడ్డుక్రొవ్వులోఁ జిప్సు వేయించు నాచార మున్నదని ఆమె యెక్కడనో చదివియుండెను. కుమారునిచే నడిగించిరి. దుకాణదారు నవ్వి, తాము వాడునది పొద్దుతిరుగుడు నూనె యనియు, అయితే చేఁపలు వేయించుచోటనే చిప్సును వేయింతుమనియు ఉన్నదున్నట్లు చెప్పి, ఆమెకొఱకు వేఱొక చిన్న బాణలి పెట్టి వేయించి యిచ్చెను. ఆమె తృప్తిగాఁ దినిరి. రాత్రి యింటికిఁ బోయిన తరువాత ఆమెకుఁ దోఁచినదఁట: 'ఏ నూనె యని యడిగితిని. ఆ చేయి ఎవరిదని అడుగవలెననియే నాకుఁ దోఁపలేదు' అని.

చదువరులు ఈ మాటకడ ఒక్కక్షణము నిలువఁగోరుదుము. తినకుండుట రెండువిధములు. ఏ పదార్థము తినరాదని నాకు నేను విధించుకొనునది నియమము. ఎవరిచేతిది తినరాదని ఇతరులపై విధించునది అంటు. మన భాషలో రెండింటిని ఆచారమనియే పిలుచుటచే రెండు నొక్కటే యను భ్రమ పుట్టినది. లండనులో గాంధి మాంసము తినలేదు. తల్లికిచ్చిన మాట యది. కాని యా నియమమే యాతనిని ఇంగ్లీషువారికి దగ్గఱచేసినది. ఫారింగ్డన్ వీథిలో శాకభోజనశాల కనుఁగొని, సాల్టు వ్రాసిన పుస్తకము కొని చదివి, శాకాహారసంఘమునఁ జేరి, బేస్‌వాటరులో ఒక చిన్నసంఘము తానే పెట్టి దానికిఁ గార్యదర్శి యయ్యెను. ఆ సంఘమునకు ఎడ్విన్ ఆర్నాల్డు ఉపాధ్యక్షుఁడు. వెలివేసిన కులమువారు వదలుకొనిన యువకునికి, కూరగాయలు తినుటయే పరదేశమునఁ జుట్టఱికమును సంపాదించి పెట్టినది.

ఇంగ్లీషువారి చరిత్రలోనే యింతకంటె గొప్ప యుదాహరణ మున్నది. 1791లో బానిసవర్తకమును మాన్పుటకు విల్బర్‌ఫోర్సు తెచ్చిన తీర్మానమును పార్లమెంటు త్రోసివేయఁగా, ఆ యేఁడే విలియం ఫాక్సు ఒక కరపత్రము వ్రాసి, వెస్టిండీసు చక్కెర తినుట బానిసల నెత్తురు తినుటయే యని వాదించెను. ఇంటింట చక్కెర మానివేసిరి. మూఁడులక్షలమంది మానిరని క్లార్క్‌సను లెక్కవేసెను. ఓటుహక్కులేని ఇల్లాండ్రు టీగిన్నె ముందఱఁ గూర్చుండి చేసిన రాజకీయ మది. వర్తకము 1807లో నిషేధింపఁబడినది; బానిసత్వపు రద్దుకు శాసనము 1833లో వచ్చినది. అటుపిమ్మట చాలమంది మఱల చక్కెర తినిరి గాని ఆ మానుటలోని గుణమును మనము గుర్తింపవలెను. నాలుగువేల మైళ్ల యవతల, ఎన్నఁడు చూడని యొక మనుష్యుఁడు ఆ చక్కెరగిన్నెలోఁ గనఁబడినాఁడు. వానికొఱకు నోరు కట్టుకొనిరి. ఒక నిరాకరణము దూరపువానిని దగ్గఱకుఁ దెచ్చును. మఱొక నిరాకరణము దగ్గఱివానిని దూరముచేయును.

ఆ శనివారపు మధ్యాహ్నము వారు బ్రిటిష్ మ్యూజియమునకుఁ బోయిరి. 1753లో స్థాపింపఁబడిన యా సంస్థలో ప్రవేశమునకు రుసుము లేదు. అద్దంకికి సుమారు నూఱు కిలోమీటర్ల దూరముననున్న అమరావతి స్తూపశిల్పములు నూటికిఁ బైగా అచ్చట నున్నవి. 1845లో వాల్టర్ ఇలియట్టు త్రవ్వించినవి. 1859లో లండను చేరినవి. 1880లో మ్యూజియమునకు వచ్చినవి. వానిని తిరిగి యిప్పింపవలెనా వలదా యన్నది వేఱొక వ్యాసమునకుఁ దగిన విషయము. మన పలనాటి సున్నపుఱాయి చల్లని యద్దాలగదిలో నిలిచియుండఁగా ఆ దంపతులు చాలసేపు మాటలేక నిలిచిరఁట. చేఁపచిప్సుల తరువాత సొంత యూరి ఱాయి!

ఆ ఱాతిమీఁది ధర్మము భిక్షాపాత్రది. బౌద్ధభిక్షువు ఏ యింటి గడప ముందఱనైన నిలుచును. ఎవరు పెట్టినదైనఁ దినును. అమరావతి శాసనములలో నొకటి కలదు: నాగుఁడను నుపాధ్యాయుని కుమారుఁడు, చర్మకారుఁడైన విధికుఁడు, తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో, బంధుమిత్రులతోఁ గూడి పూర్ణఘటము చెక్కిన ఫలకమును దానమిచ్చినాఁడు. తోలుపని చేయువాఁడు తన వృత్తిని దాఁచుకొనక పేరుపక్కనఁ జెక్కించినాఁడు. స్తూపము దానిని స్వీకరించినది. ఆ తండ్రి ఉపాధ్యాయుఁ డగుటయు గమనింపఁదగినది. ఇది జరిగినది ఏ పరదేశముననో కాదు. మన కృష్ణ యొడ్డున, రెండువేల యేండ్లకు ఇటునటుగా. అద్దంకిలోనే 848 నాఁటి పండరంగని శాసనము తెలుఁగుపద్యమునకుఁ బ్రాచీనసాక్ష్యమని మనము గర్వింతుము. తరువోజను కాపాడుకొన్నంత శ్రద్ధగా విధికుని పూర్ణఘటమును మనము కాపాడుకొనలేదు. ఱాతి మాట కాదు, అర్థపు మాట చెప్పుచున్నాము.

సాయంకాలము టీ, స్కోన్లను చిన్న రొట్టెలు, మీఁగడ, పండ్లపాకము. ఆ రొట్టెపై ముందు మీఁగడ పూయవలెనని డెవనువారు, ముందు పాకము పూయవలెనని కార్న్‌వాలువారు తగవులాడుదురఁట. మన వడగలె తెంగలెల నామభేదము ఒంటరిది కాదని యూఱట కలిగినది. ఇంతటితో ఆ దినము ముగిసినది. రమ్యమైన దినమే. దానిని తక్కువచేసి మాటాడుట మా యభిప్రాయము కాదు. మంచి భోజనము, తీరికైన నడక, కొడుకు చేయి పట్టుకొని వీథి దాఁటుట — ఇవి సుఖములే. సుఖమును చూచి మొగము చిట్లించుకొను సంస్కర్తలతో మాకుఁ బొత్తు లేదు.

కాని యింటికి వచ్చిన తరువాత? ఆ యింట వాకిలి యూడ్చి, అంట్లు తోమి, బట్ట లుతుకునొక స్త్రీ కలదు. పండ్రెండేండ్లుగా నచ్చటనే పనిచేయుచున్నది. ఆమెకు టీ యిచ్చు గ్లాసు వంటయింటి అఱలో లేదు. పెరటిగోడ గూటిలో నున్నది. ఆ యింటి పళ్లెములన్నియుఁ దోమునది యామెయే. తాను తోమిన గ్లాసులోఁ దాను త్రాగరాదు. లండనులో ఆ దంపతులు దుకాణదారునికి, ఫలాహారశాలలో వడ్డించిన పిల్లకు, బస్సు నడుపువానికి దినమునకు ఇరువదిసారులు 'థాంక్యూ' యనిరి. అట్లనుట అచ్చటి మర్యాద యని కుమారుఁడు నేర్పెను. ఈ స్త్రీని పిలుచునపుడు మాత్రము 'ఒసే' యను మాట. ఎవ్వరును దురుద్దేశముతో ననరు, నాలుక కలవాటు.

ఇది శుచిత్వవిషయమని కొంద ఱందురు. శుచిత్వమే యయినచో లండనులోఁ జేఁప వేయించినవాని చేతుల నెవ్వరు పరీక్షించిరి? ఆతఁడు ఏ దేశమువాఁడో, ఏమి తినువాఁడో, చచ్చిన పశువును మోయు వంశమువాఁడో, ఎవ్వరడిగిరి? అడుగకుండుటకు మూఁడు కారణములు కలవు. రూకలిచ్చి కొనినదానికి బంధుత్వ ముండదు, అది మొదటిది. రెండవది, వాని పుట్టుక మనకుఁ దెలియదు, తెలిసికొనవలసిన యగత్యము లేదు. మూఁడవదే ముఖ్యమైనది, ఒప్పుకొనుటకుఁ గష్టమైనది: అచ్చట మనము పైమెట్టువారము కాము. తెల్లవారి పాలనలో 1832లో స్థాపింపఁబడిన మద్రాసుక్లబ్బు భారతీయులను సభ్యులుగాఁ జేర్చుకొనలేదు; ఆ గుమ్మము బయట నిలిచినవారి మనుమలమైన మనకు దొరబల్ల ముందఱ కూర్చుండుట గౌరవమని లోలోపల నొక చపలము కలదు. పైవానితోఁ గలసి తిన్నచో గౌరవము, క్రిందివానితోఁ గలసి తిన్నచో నష్టము — ఈ లెక్క మాఱనంతకాలము మనము భేదమును విడిచినవారము కాము. మనకు లాభమగుచోట సడలించినవారము మాత్రమే.

మా మాట కఠినముగా నున్నదని తోఁపవచ్చును. అద్దంకికి దూరము కాని కారంచేడున 1985 జులై 17న ఏమి జరిగినదో తలఁచుకొనుఁడు. మాదిగలు త్రాగునీటికి వాడుకొను చెఱువులో పశువులను కడుగుచుండఁగా ఆపుమనిన మాటనుండి పుట్టినది ఆ కలహము. ఆఱుగురు చంపఁబడిరి. తక్కిన వారు ఊరు విడిచి చీరాలకుఁ బోయి తలదాఁచుకొనిరి. అస్పృశ్యతను రాజ్యాంగపు 17వ యధికరణము 1950లోనే రద్దుచేసియుండెను. కారంచేడు తరువాత 1989లో అత్యాచారనిరోధశాసనము వచ్చినది. శాసనము వీథివఱకు వచ్చును, టీదుకాణమువఱకు వచ్చును. పెరటిగోడ గూటివఱకు రాలేదు. ఆ గూటికి తాళపుచెవి గృహిణి చేతిలోను, ఆమె యత్తగారి చేతిలోను మాత్రమే యున్నది. విదేశవిద్య, విమానయానము, శాలువాల సన్మానము, ఏదియు దాని దరిఁ జేరలేదు.

యాత్రచే మనస్సు విశాలమగునని సామాన్యముగాఁ జెప్పుదురు. సగము నిజము. యాత్ర కన్ను తెఱపించును, చేయి కదలింపదు. ఆ కదలిక కొఱకు మనవారు కొందఱు వేఱుమార్గము పట్టిరి. గోరాగారు ముదునూరున 1940లో నాస్తికకేంద్రమును స్థాపించి, పిదప పటమటలో దానిని నడపుచు, అన్నికులములవారిని ఒక్కపంక్తిని కూర్చుండఁబెట్టి భోజనములు చేయించిరి. ఆయన నిరీశ్వరవాదముతోఁ బనిలేనివారుకూడ ఆ పంక్తిధైర్యమును మెచ్చుకొనవచ్చును. లండనులో భోజనమునకు డబ్బు కావలెను. ఆ పంక్తిలోఁ గూర్చుండుటకు డబ్బు అక్కఱలేదు, చుట్టముల నిష్ఠురము భరింపఁగలిగిన యోర్పు కావలెను. ఏది ఖరీదైనదో ఇంటింట నాలోచించుకొనవచ్చును.

నేఁటి పెండ్లిండ్లలో పంక్తులే పోవుచున్నవి గదా, నిలువబడి తినుచున్నారు గదా, ఇంక భేద మెక్కడ నని కొందఱనవచ్చును. టీదుకాణములలోఁ గాగితపు గ్లాసు వచ్చి రెండుగ్లాసుల తగవు తీర్చినదనియుఁ జెప్పుదురు. వాడి పాఱవేయు గ్లాసు ఎవ్వరి తరువాత ఎవ్వరు త్రాగిరన్న ప్రశ్నను తప్పించినదే గాని, దానికి సమాధానము చెప్పలేదు. నిలువుభోజనమునఁగూడ నట్లే, ఎవఁడు ఎవని ప్రక్కఁ గూర్చుండవలెనన్న చిక్కు రాకుండునట్లు, ఎవ్వరును కూర్చుండకుండఁజేసినారు. ఇది సమత్వము కాదు, తప్పుకొనుట. అయినను దీనివలనఁ గొంత మేలు లేకపోలేదనియే మా తలంపు. అలవాటైన భేదమునకు వాడుక తప్పినచో కొంతకాలమునకు దానంతట నది మొద్దుబాఱును.

ఆ అద్దంకి యిల్లాలు తిరిగివచ్చిన వారము దినములకు, ఎవ్వరితోను జెప్పక, గోడగూటిలోని గ్లాసును తెచ్చి వంటయింటి అఱలో తక్కిన గ్లాసులతోఁ జేర్చిరి. పనిమనిషియే దానిని మొదటఁ జూచి, "అమ్మగారూ, పొరబాటున లోపలికి వచ్చినట్లున్నది" అని తీసి గూటిలోఁ బెట్టఁబోయినదఁట. "పొరబాటు కాదమ్మా, అక్కడనే యుండనిమ్ము" అనిరి. ఆ 'అమ్మా' యను మాటకు ఆ స్త్రీ తడఁబడి నిలిచిపోయినది. అత్తగారికి ఎనుబదియైదేండ్లు, మూఁడుదినములు కోడలి చేతి కాఫీ ముట్టలేదు. లండనున పందిమాంసము తినివచ్చిన భర్త, గ్రంథాలయసభలో తమ యాత్రను గూర్చి ఉపన్యసించి చప్పట్లు గొన్నవారు, ఈ విషయమున మాత్రము "పెద్దావిడ ఉన్నన్నాళ్లు ఎందుకండీ యీ రగడ?" అని మాతో ననిరి. కోడలు అత్తగారితో వాదింపలేదు, గ్లాసును తీయనులేదు. అత్తగారు కోడలు లేనపుడు దానిని గూటిలోఁ బెట్టించుచున్నారు. కోడలు మఱల లోపలికిఁ దెచ్చుచున్నారు. ఒక దినము లోపల, ఒక దినము వెలుపల — ఇప్పటికి నెలదినములు దాఁటినదని వినుచున్నాము.